ఇచ్చిపుచ్చుకునే వరస

తలుపు తెరిచిన ముసలామె సుగంధి మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డును చూడలేదు. చేతిలోని ట్యాబ్‌నూ చూడలేదు. ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి వాక్యం విని, "తెలుగోళ్ళా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే, "ఇంటిపేరేంది?" అంది.

"తుమ్మలోళ్ళమ్మా."

"నాయన పేరు?"

"ముని. మేట్టుపాళయంలో లేత్ పని చేస్తాండె."

ముసలామె గడపకు చేయి ఆనించి, పెదవులు కదుపుతూ కాసేపు వెనక్కి లెక్కపెట్టుకుంది. ప్రశ్నావళి ప్రకారం ఆ సమయంలో సర్వే ఉద్దేశాన్ని వివరించాలి. కాని లెక్కలో ఉన్న మనిషిని కదిలించడం మర్యాద కాదని సుగంధికి తెలుసు కనుక ఊరుకుంది.

"మీ నాయన మేనత్త చిన్నమ్మణ్ణి మా కొండపోళ్ళ ఇంట్లోనే కోడలుగా పడింది. అట్లయితే నువ్వు మాకు ఇచ్చిపుచ్చుకునే వరస. సంబంధి బిడ్డను వాకిట్లో నిలబెడితే వీదోళ్ళు నవ్వుతారు, లోపలికి రా. తిలగం, కాఫీ పెట్టు! ఏమే, వినపడిందా?"

ఆ విధంగా, మూలకుళం చివర పురపాలక కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన ఇరవై నాలుగు ఇళ్ళ వరుసలో, మొదటి ఇంటి మొదటి ప్రశ్న అడగకముందే సుగంధి పరాయి మనిషి కాకుండా పోయింది. అందులో నష్టమేమీ ఆమెకు అప్పుడు కనిపించలేదు. పైగా ఆమెను ఈ పనిలోకి తీసుకున్నది అందుకే. ప్రజలకు ఇల్లు, నీరు, వైద్యం, చదువు, సొంత భాష ఏ మేరకు అందుతున్నాయో దేశం కొన్నేళ్ళకొకసారి ఇతర దేశాల ముందు లిఖితంగా చెప్పుకోవాలి. ఆ చెప్పుకున్నది నిజమో కాదో వేరుగా తేల్చడానికి ఢిల్లీలోని ఒక సంస్థ ఊరూరా కొన్ని వీధులను ఎంపిక చేసింది. ఎవరి మాతృభాషలో వారిని అడిగితేనే జవాబు నిక్కచ్చిగా వస్తుందన్నది ఆ సంస్థ నియమం. పుదుచ్చేరి పట్టణంలో ఎంపికైన తెలుగు కుటుంబాలు అరవై ఒకటి. తెలుగు మాట్లాడగలవా అని సుగంధిని అడిగారు, మాట్లాడగలనంది. చదవగలవా అని ఎవరూ అడగలేదు.

ఆమెకు తెలుగు చదవడం రాదు. ఆ వీధిలోనూ ఎవరూ చదవలేరు. మాతృభాష గడిలో తెలుగు అని నొక్కగానే తెర నిండా తెలుగు అక్షరాలు పరుచుకునేవి. సుగంధి ఒడిలో పెట్టుకున్న పొడుగు నోటుపుస్తకంలో అవే ప్రశ్నలు, అవే అంకెలతో, తమిళ లిపిలో ఉండేవి. శిక్షణలో ఒకాయన చదువుతుంటే ఆమె రాసుకున్నవి అవి. తెర మీద అంకె చూసి, పుస్తకంలో ఆ అంకె వెతికి, అడిగి, జవాబు అవునంటే మొదటి గుండ్రం, కాదంటే రెండో గుండ్రం నొక్కేది.

"ఇంట్లో మరుగుదొడ్డి ఉందా?"

"అదేంది?" అంది ముసలామె. ఆమె పేరు జయమ్మాళ్.

"కక్కూసు, అత్తా."

"ఓ, అదా." జయమ్మాళ్ చూపు వంటగది పక్క మూలకు పోయి వచ్చింది. అక్కడ నీలం రంగు వేసిన చిన్న తలుపు, దాని మీద అచ్చుపలకతో వేసిన పథకం సంఖ్య ఉన్నాయి. "ఉండాది."

పొయ్యి దగ్గర కోడలు తిలగం గ్లాసులో కాఫీ తిరగబోస్తున్నది తిరగబోస్తున్నట్టే ఆపింది. సుగంధి ఆ చేతిని చూసింది. చెప్పిన జవాబే నమోదు చేయాలి, మాట అందించకూడదు, తలుపులు తెరిచి చూడకూడదు. ఈ మూడూ శిక్షణలో మొదటి రోజు చెప్పినవి. మొదటి గుండ్రం నొక్కింది.

"మందులు క్రమంగా దొరకతాండాయా?"

"పెద్దాసుపత్రిలో ఊరికే ఇస్తారు. గుండెకొకటి, ఒంట్లో నీరు పోయేదానికొకటి. ఏ నెలా తప్పలా."

మళ్ళీ మొదటి గుండ్రం. జయమ్మాళ్ చాప మీద కాళ్ళు చాపి కూర్చుంది; మెట్టెలు ఉబ్బిన వేళ్ళలో కూరుకుపోయి అంచులు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఇది ఢిల్లీకి పోతాదా?" అన్నాడు వాకిట్లో కుర్చీ వేసుకున్న దురైసామి, జయమ్మాళ్ భర్త, పురపాలకంలో పారిశుధ్య పని చేసి విరమించినవాడు. "అట్లయితే బాగా రాయి. ముప్పై ఆరేండ్లు ఊరంతా తుడిచినోడు, వాడిల్లు గలీజుగా ఉండాదని ఎవురూ అనకూడదు."

"మామా, నేనేమీ రాసేది లేదు. నొక్కేదే."

"నొక్కు అట్లయితే, గట్టిగా నొక్కు."

రెండో ఇంటికి ఆమె కంటే ముందుగా ఆమె ఇంటిపేరు చేరింది. మూడో ఇంట్లో చాప వేసే ఉంది. ఒక ఇంటి సుధ ఆమెను వదినె అంది, ఇంకొక ఇంటి శ్యామ్‌సుందర్ మరదలని ఎకసెక్కాలాడి తల్లి చేత తిట్టు తిన్నాడు. ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు, కాఫీ లేని చోట మజ్జిగ ఇచ్చారు. వియ్యమందుకునే సంబంధి ఇంట్లో గ్లాసు వద్దనడం ఎవరి వల్లా కాదు. ప్రతి ఇంట్లో ఆ మూల అదే నీలం తలుపు ఉంది, ప్రతి ఇంట్లో జవాబు అదే. నీళ్ళు ఉండాయి, కక్కూసు ఉండాది, మందులు వస్తాండాయి, ఏ కొరతా లేదు. కొరత అనే మాట లేకపోవడం వల్ల ఒక్కొక్క ఇల్లు అరగంట కూడా పట్టలేదు. కొరత చెప్పేవాళ్ళకే ఉప ప్రశ్నలుంటాయి. నాలుగు గంటలకల్లా ఇరవై నాలుగు ఇళ్ళూ పూర్తయ్యాయి. మిగతా పరిశీలకులు రోజుకు పది దాటలేకపోతున్నారని గుర్తొచ్చి సుగంధికి కొంచెం గర్వం కలిగింది. పంపు అనే మీట నొక్కింది. తెర పచ్చబడింది.

అప్పటిదాకా బిగబట్టుకున్న శరీరం అప్పుడు మాట వినడం మానేసింది. ఆ రోజు తాగిన గ్లాసులు ఎన్నో ఆమె లెక్కపెట్టలేదు. బస్టాపు దాకా నడవగలననిపించలేదు. మొదటి ఇంటికే తిరిగి వెళ్ళింది.

"అత్తా, ఒకసారి కక్కూసుకు పోవాల."

జయమ్మాళ్ బియ్యం చెరుగుతున్న చేట ఒడిలో ఆగింది. దురైసామి కుర్చీలోంచి లేచి, చెప్పులు వెతుక్కుని, ఏ పనీ లేకపోయినా వీధిలోకి నడిచాడు.

"ఇప్పుడేనా?" అంది జయమ్మాళ్.

"ఆపుకోలేకుండా ఉండా."

"దాని తాళంచెవి మా వాడి కాడ ఉండాది. వాడు పనికి పోయె."

నీలం తలుపుకు తాళం లేదు. కొక్కెం కూడా లేదు. చీర అంచు చింపిన గుడ్డపీలికతో మేకుకు కట్టి ఉంది. ముగ్గురు ఆడవాళ్ళూ ఆ పీలికను చూశారు. తిలగం లేచి, ప్లాస్టిక్ బకెట్‌లో సగం దాకా నీళ్ళు ముంచి, "రా సుగంధీ" అని ముందు నడిచింది.

వీధి చివర ఉమ్మడి మరుగుదొడ్ల కట్టడం ఉంది. ఆడవాళ్ళ వైపు ఆరు గదులు. రెండింటికి తలుపులు లేవు. బయట గోడ వారగా పద్దెనిమిది మంది దాకా నిలబడి ఉన్నారు. ప్రతి చేతిలో బకెట్టో చెంబో ఉంది. ప్రతి ముఖమూ సుగంధికి తెలుసు. ఒక్కొక్కరి పేరు, వయసు, చదువు, జవాబు, అన్నీ ఆమె వేలి కింద నుంచి పోయినవే. వాళ్ళు ఆమెను చూశారు. తర్వాత వరుసలో మొదట ఉన్న సుధ పక్కకు జరిగి, నేల చూస్తూ, "వదినెను ముందు పోనీండి" అంది. ఒకరి తర్వాత ఒకరు జరిగారు.

తిరిగి వచ్చేటప్పుడు సుగంధి అడిగింది: "సాయంత్రం ఎప్పుడూ ఇంత జనం ఉంటారా అక్కా?"

"లేదు. పొద్దున్నించీ నువ్వు వీదిలో ఉండావు కదా." తిలగం ఖాళీ బకెట్‌ను ఒక చేతి నుంచి ఇంకొక చేతికి మార్చుకుంది. "సంబంధి ముందర బకెట్ ఎత్తుకోని పోతారా ఎవురైనా? నువ్వు పోయినావనుకోని ఇప్పుడు వచ్చినారు."

నీలం తలుపుల సంగతి కూడా ఆమే చెప్పింది. పథకంలో గదులు కట్టారు, పింగాణీ బేసిను బిగించారు, తలుపులకు రంగు వేసి సంఖ్య వేశారు, ఫోటో తీసుకున్నారు. గొయ్యి తవ్వలేదు, పైపు రాలేదు. ఇప్పుడు లోపల గ్యాసు బండ, బియ్యం మూట ఉంటాయి.

"అత్త మాత్ర వేసుకోదు," అంది తిలగం ఇంటికి నాలుగు గజాల ముందు ఆగి. "ఆ నీరు పోయే మాత్ర. వేసుకుంటే పొద్దున మూడు గంటల సేపు తిరగాల. ఇంత దూరం, ఆ కాళ్ళతో, అందురి ముందర. డబ్బాలో దాచి పెడతాది. నెల నెలా పోయి తెచ్చేది తెస్తాది."

మర్నాడు సుగంధి పట్టణంలోని అద్దె గదికి, పర్యవేక్షకుడు ఇళవరసన్ దగ్గరికి వెళ్ళింది. అతను చెడ్డవాడు కాడు. నలభై వీధుల లెక్కలు ఒక్కడే సరిచూస్తున్నవాడు. ఇద్దరూ తమిళంలోనే మాట్లాడుకున్నారు.

"ఒకే రోజు ఇరవై నాలుగు. బాగుంది," అన్నాడు అతను తెర మీంచి కళ్ళెత్తకుండా.

"బాగాలేదు సార్. వాళ్ళు చెప్పింది నిజం కాదు."

ఆమె చెప్పినదంతా అతను విన్నాడు. విని, ఒక కాగితం వెతికి ముందు పెట్టాడు. స్థానిక కార్యాలయం ఒకటి ఈ గణాంకాలను తమకూ పంచమని కోరింది; సంస్థ ఒప్పుకుంది. ఆ కార్యాలయం నెలాఖరు సమావేశంలో ఉమ్మడి మరుగుదొడ్ల జాబితా వస్తుంది. ఏ వీధిలో పదింట తొమ్మిది ఇళ్ళకు సొంతంగా ఉన్నాయని తేలితే ఆ వీధి కట్టడాన్ని తీసేసి స్థలాన్ని వేరే పనికి ఇస్తారు.

"ఈ వీధికి పదికి పది," అన్నాడు ఇళవరసన్.

"మళ్ళీ అడుగుతాను. ఆ పత్రాలు తెరిచి ఇవ్వండి."

"తెరవడానికి కారణం కావాలి. మూడే ఉన్నాయి." అతను తెరను ఆమె వైపు తిప్పాడు. "పరికరం చెడిపోవడం. వేరే మనిషి జవాబివ్వడం. మాతృభాష తప్పుగా ఎంచుకోవడం. జవాబు నిజం కాదు అన్నది ఇందులో లేదు."

"ఎందుకు లేదు?"

"సొంత భాషలో అడిగాం కదా. నిజమే చెబుతారని అనుకున్నారు." అతను మూడో కారణం మీద వేలు పెట్టాడు. "మూడోది పెట్టవచ్చు. వాళ్ళు తమిళం కూడా మాట్లాడతారు కదమ్మా, ఈ ఊళ్ళో అందరూ రెండూ మాట్లాడతారు. మాతృభాష తమిళం అని వాళ్ళే చెబితే కొత్త పత్రం తెరుచుకుంటుంది. పాతది రద్దవుతుంది. శుక్రవారం దాకా ఇవ్వగలను."

"మరి నివేదికలో భాషల పట్టిక?"

అతను అంకెలు చూపించాడు. అరవై ఒకటిలో ఇరవై నాలుగు పోతే ముప్పై ఏడు. యాభై కంటే తక్కువ కుటుంబాలున్న భాషకు నివేదికలో వరుస ఉండదు. ఇతరులు అన్న గడిలో కలిసిపోతుంది.

మెట్లు దిగుతూ సుగంధి ఒక నిశ్చయానికి వచ్చింది. భాషను కదిలించే అవసరం రాకూడదు. మనిషి వేరు కావచ్చు కదా, రెండో కారణం పెట్టవచ్చు, జయమ్మాళ్‌కు బదులు దురైసామి చెబితే చాలు. ముందు వాళ్ళను ఒప్పిస్తే మిగతా ఇళ్ళు వాళ్ళ దారినే వస్తాయి. ఆ సాయంత్రమే వెళ్ళింది. చాప పరిచారు. కాఫీ వచ్చింది. తెలుగులో, తనకు చేతనైనంత మెత్తగా, నెలాఖరున జరగబోయేది చెప్పింది.

జయమ్మాళ్ అంతా వింది. "ఎత్తేస్తే ఎత్తేయనీ. నీళ్ళ ట్యాంకు కాడ ఇంగొకటి ఉండాది."

"కిలోమీటరు అత్తా."

"నడుస్తా."

"మీ కాళ్ళు చూడండి."

"నా కాళ్ళు నాకు తెలియవా? నిన్న ఉండాదని చెప్పిన నోటితో ఈ పొద్దు లేదని చెప్తే, మీ నాయన ఏమనుకుంటాడు? కొండపోళ్ళు ఆరుబయట గోడ పట్టుకోని నిలబడతారని అనడా?"

"నాయనకు నేను చెప్పను."

"నీకు తెలిసె కదా. అది చాలదా?"

సుగంధి దురైసామి వైపు తిరిగింది. "మామా, మీరైనా చెప్పండి. మీ నోటితో చెప్తే చాలు."

అతను తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి, మళ్ళీ మడిచి, భుజాన వేసుకున్నాడు. "ఆ కట్టడం కడిగింది నేనే, పదేండ్లు," అన్నాడు చివరికి. "ఇంట్లోనే ఒకటి వచ్చిందని ఇల్లంతా సంబరపడితిమి. ఫోటోలో నవ్వినాను నేను. ఇప్పుడు యాడ పోయి చెప్పేది?"

కాఫీ చల్లారకముందే తాగమని జయమ్మాళ్ రెండుసార్లు అంది. తాగింది.

తిలగం ఆమెను బస్టాపు దాకా సాగనంపింది. దారిలో హఠాత్తుగా నవ్వింది. "పోయినేడు ఒకాయన వచ్చె, దోమల లెక్కకు. తమిళాయన. అత్త ఆయన్ను చెయ్యి పట్టుకోని తీసుకపోయి ఆ తలుపు తెరిచి చూపించె. చూడయ్యా మీ సర్కారు పని అని ముక్కాలు గంట తిట్టె. పాపం, దోమలు లెక్కపెట్టేదానికి వచ్చినోడు నీళ్ళు తాగి పారిపోయె."

"ఆయనకు చెప్పింది నాకు చెప్పదా?"

"వాడు ఎవురో కదా. నువ్వు ఎవురో కాకుండా పోతివే." తిలగం నవ్వు ఆపింది. "ఎవురో అయి రా. ఏమీ తెలియనట్టు తమిళంలో అడుగు. తెలుగులో అడిగితే అత్త సంబంధితో మాట్లాడతాది, సర్కారుతో కాదు."

సుగంధి అప్పుడు ఆమెకు భాషల పట్టిక గురించి చెప్పింది. ముప్పై ఏడు అన్న అంకె చెప్పింది, మాయమయ్యే వరుస గురించి చెప్పింది. రేపెప్పుడో ఎవరైనా బడిలో తెలుగు కావాలని అడిగితే, ఎంతమంది ఉన్నారు మీరు అని ఆ కాగితం తీసి చూపిస్తారంది.

బస్సు మలుపు తిరుగుతుంటే తిలగం, "నేను చెప్పేది కాదు ఇది," అంది. "అత్తనే అడుగు. ఆమె నోటితోనే రానీ."

శుక్రవారం పది గంటలకు, ఎండ వాకిలి సగానికి వచ్చిన వేళ, సుగంధి కొండపోళ్ళ గడప ముందు నిలబడింది. చెప్పులు విడవలేదు. కార్డును ముందుకు తిప్పుకుంది. జయమ్మాళ్ తలుపు తెరిచి, "రా, ఎండలో ఏమి నిలబడితివి" అంది.

"వణక్కం అమ్మా," అంది సుగంధి తమిళంలో. "సర్వే కోసం వచ్చాను. మీ సమయం కొంచెం కావాలి."

జయమ్మాళ్ ఆమె ముఖాన్ని చూసింది. తర్వాత విడవని చెప్పులను చూసింది. అత్తా అన్న పిలుపు కోసం ఆగినట్టు కొంతసేపు ఆగింది. అది రాలేదు. లోపలి నుంచి దురైసామి, "ఎవురే?" అని కేకేశాడు.

జయమ్మాళ్ జవాబివ్వడానికి పట్టిన వ్యవధిలో పక్క ఇంటి కుక్కర్ రెండుసార్లు కూత వేసింది.

"ఎవరో సర్వే వాళ్ళు," అంది ఆమె, తమిళంలో.

మొదటి ప్రశ్న మాతృభాషే. అడిగేముందు సుగంధి, ఒక్క మాట కూడా దాచకుండా, తమిళంలో వివరించింది: తెలుగు అంటే పాత జవాబులే నిలుస్తాయి, కట్టడం పోతుంది, తమిళం అంటే కొత్తగా అడగవచ్చు, కాని ఈ వీధిలో తెలుగువాళ్ళు ఉన్నట్టు ఆ నివేదికలో ఎక్కడా ఉండదు. ఈ రెండింటిలో ఒకటే వీలవుతుంది. అలా ఎందుకుందో తనకూ తెలియదు.

జయమ్మాళ్ వెనక్కి తిరిగి ఇంటిలోకి చూసింది. తిలగం పొయ్యి ముందు వీపు చూపించి నిలబడి ఉంది. దురైసామి వినిపించనట్టు తువ్వాలు దులుపుతున్నాడు. ముసలామె చీర కొంగు తీసి ముఖం తుడుచుకుంది, తుడుచుకోవలసిన చెమట అంతగా లేకపోయినా.

"తమిళ్," అంది.

తెర మారింది. వారం రోజుల్లో మొదటిసారి సుగంధి దాని మీది అక్షరాలను తానే చదవగలిగింది; నోటుపుస్తకం సంచిలోనే ఉండిపోయింది.

"ఇంట్లో మరుగుదొడ్డి ఉందా?"

"ఇల్లై." లేదన్న ఆ తమిళ మాట గొంతులో ఎక్కడా తట్టుకోకుండా వచ్చింది. ఆ వెంటనే ఆమె కాళ్ళు ఈడ్చుకుంటూ మూలకు పోయి, పీలిక ముడి విప్పి, తలుపు బార్లా తెరిచింది. "చూడండి మేడం, మీరే చూడండి. గొయ్యి లేదు, పైపు లేదు. రంగు వేసి నంబరు రాసి పోయారు. ఇందులో బియ్యం పెట్టుకుని తింటున్నాం. రాసుకోండి!" ఆమె అంత గట్టిగా మాట్లాడగలదని సుగంధికి తెలియదు. ఉప ప్రశ్నలు పదకొండు ఉన్నాయి. పదకొండింటికీ పూర్తి జవాబులు వచ్చాయి. ఎంత దూరం, ఎంతసేపు నిలబడాలి, తలుపులు ఎన్ని, రాత్రి దీపం ఉందా.

"మందులు క్రమంగా అందుతున్నాయా?"

"అందుతాయి. నేను వేసుకోను."

రెండో వాక్యానికి తెర మీద గడి లేదు. సుగంధి వేలు కాసేపు గాలిలో ఆగి, మొదటి గుండ్రం మీద దిగింది.

అయిపోయింది. సంతకానికి బదులు వేలిముద్ర తీసుకుంది. ఎదురు వాకిళ్ళలో సుధ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరూ చాప వేయలేదు, లోపలికి రమ్మనలేదు; వాళ్ళ వంతు కోసం వాకిట్లోనే ఆగి ఉన్నారు. పని జరుగుతుందని సుగంధికి అర్థమైంది. ట్యాబ్ మూసి, అలవాటు కొద్దీ, లేదా అంతకంటే బలమైనదేదో లాగడం వల్ల, తెలుగులో అంది: "పోయొస్తా అత్తా."

"పోయిట్టు వాంగ," అంది జయమ్మాళ్, పోస్టు తెచ్చినవాడికో మీటరు చూసినవాడికో వెళ్ళి రండని తమిళంలో చెప్పినంత మర్యాదగా.

సుగంధి గడప పక్కకు తొలగింది. ముసలామె లోపలికి పోయి, తొట్టి నుంచి బకెట్‌లో నీళ్ళు ముంచుకుని, తిరిగి వచ్చింది. సుగంధి ముందు నుంచే, తల వంచకుండా, కొంగు కప్పుకోకుండా, నీళ్ళు తొణుకుతుంటే ఉబ్బిన కాళ్ళతో ఒక్కొక్క అడుగే వేస్తూ, నిండు ఎండలో వీధి మధ్యగా కట్టడం వైపు నడిచింది.